ఇంటి నక్షలో ఇరుగుపొరుగుల వాటా

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ మాటలో కట్టేవాని కష్టమే ఉన్నది గాని పక్కింటివాని కష్టం లేదు. పెళ్ళి ముగియగానే పందిరి తీసివేస్తారు. వీధి మరల వీధిగానే ఉంటుంది. ఇల్లు అట్లా కాదు. ఒకసారి లేచిన గోడ రెండు మూడు తరాలపాటు అక్కడనే నిలుస్తుంది. దాని నీడ పొరుగువాని వాకిట పడుతుంది. దాని కప్పు నీరు వీధిలోకి దిగుతుంది. దాని మెట్లు రెండడుగులు ముందుకు జరిగితే బండ్లకు దారి ఇరుకవుతుంది. అందుచేతనే, ఇల్లు కట్టదలచినవాడు పునాది తీయకముందే తన నక్షను ఊరి పెద్దలకు చూపి అనుమతి పొందవలెననే నియమం ఏర్పడినది. ఆ నక్షను ఎవరు చూస్తారు? అందులో ఏమి చూస్తారు? చూడకపోతే వచ్చే నష్టమేమి? ఈ మూడు ప్రశ్నలను కొంచెం విచారించుదాం.

మన ప్రాంతంలో ఈ నియమానికి వెనుక ఒక వరద ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరంలో వేలకొలది ప్రాణాలను బలిగొన్నది. ఆ మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చి వరద నివారణకు మార్గాలు సూచించినారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఇరుకు వీధులను వెడల్పు చేయడం, గాలి వెలుతురు లేని బస్తీలను సరిచేయడం దాని పనులు. ఎవరి ఇల్లు వారి ఇష్టమనే కాలం పోయి, ఇంటి కట్టడంలో ఊరికి కూడా ఒక మాట ఉన్నదనే భావం ఆ విధంగా స్థిరపడినది.

ఇక నేటి పద్ధతి ఎట్టిదో చూద్దాం. ఉదాహరణకు మహబూబాబాదు జిల్లాలోని గార్లను తీసుకొందాం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఖమ్మం జిల్లాలో ఉండిన మండల కేంద్రమిది. అక్కడ ఒక గృహస్థు తన తాతనాటి పెంకుటిల్లు విప్పి, ఆ స్థలంలో మేడ కట్టదలచినాడనుకొందాం. ఆయన మొదట మేస్త్రీని పిలిచి మాట్లాడుతాడు. ఆ తరువాత నక్ష గీయించి గ్రామ పంచాయతీ కార్యాలయానికి పోవలసి ఉంటుంది. పెద్ద నగరాలలో ఈ పనికి ప్రత్యేకమైన అధికారులు, శాఖలు ఉన్నవి. గ్రామంలో మాత్రం పంచాయతీయే ప్రణాళికా మండలి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ఈ అధికారానికి హద్దు కూడా గీసినది. 300 చదరపు మీటర్లు, అనగా సుమారు 360 చదరపు గజాలు. 10 మీటర్ల ఎత్తు, అనగా దాదాపు 33 అడుగులు. ఈ హద్దులు దాటని ఇంటికి పంచాయతీ అనుమతి ఇవ్వవచ్చును. దాటిన కట్టడానికి పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖవారి సాంకేతిక ఆమోదం కూడా కావలెను.

దరఖాస్తుతో పాటు స్థలం తనదేనని చూపే పత్రాలు, నక్ష ప్రతులు ఇవ్వవలెను. నక్ష అంటే గదుల బొమ్మ మాత్రమే కాదు. అందులో ముఖ్యమైనది స్థలపటం: ఉత్తరం ఎటున్నది, ముందున్న రోడ్డు వెడల్పెంత, నాలుగు దిక్కుల ఎవరెవరి స్థలాలున్నవి, గోడకూ హద్దుకూ నడుమ ఎంత జాగా వదిలినారు అన్న వివరాలు అందులో ఉంటవి. గదులు ఎట్లా అమర్చుకోవలెననేది ఇంటివారి ఇష్టం. పంచాయతీ దానిలో తల దూర్చదు. హద్దు దగ్గర ఏమి జరుగుతున్నదన్నదే దాని విచారణ. ఆ విచారణను మూడు మాటలలో చెప్పవచ్చును: గాలి వెలుతురు, దారి, నీరు.

మొదటిది గాలి వెలుతురు. పాత పెంకుటిండ్లు పొట్టివి. నడుమ పెరడు ఉండేది. పక్కవాడు గోడ ఆనించి కట్టినా గాలికి కొరత ఉండేది కాదు. ఇప్పుడు అదే స్థలంలో 30 అడుగుల మేడ లేస్తే, పక్కనున్న పొట్టి ఇంటి వంటగదిలో పట్టపగలు దీపం పెట్టుకోవలసి వస్తుంది. అందుకే హద్దు నుండి కొంత జాగా వదలవలెననే నియమం. పట్టణాలకు వర్తించే 2012 ఏప్రిల్ 7 నాటి భవన నియమావళి ప్రకారం, 100 నుండి 200 చదరపు మీటర్ల స్థలంలో 10 మీటర్ల ఎత్తు ఇల్లు కట్టేవారు, రోడ్డు 12 మీటర్లకు మించనప్పుడు, ముందు ఒకటిన్నర మీటరు, తక్కిన ప్రక్కల ఒక్కొక్క మీటరు వదలవలెను. మీటరు జాగా కట్టేవానికి నష్టంగా తోచవచ్చును. కాని పొరుగువాడు కూడా మీటరు వదిలినప్పుడు రెండిండ్ల నడుమ ఆరున్నర అడుగుల సందు ఏర్పడుతుంది. వదిలినది ఒక్క మీటరు. అనుభవించేది రెండు మీటర్ల గాలి.

రెండవది దారి. ఇంటిగోడ హద్దులోనే ఉండవచ్చును. కాని మెట్లు, అరుగు, ర్యాంపు వీధిలోకి వస్తవి. ఒకరు వచ్చినారని మరొకరు వస్తారు. పదేండ్లు తిరిగేసరికి ఇరవై అడుగుల వీధి పన్నెండడుగులు అవుతుంది. ఈ సంగతి మామూలు రోజులలో ఎవరికీ పట్టదు. నెలలు నిండిన ఇల్లాలిని తీసుకొనిపోవడానికి వచ్చిన అంబులెన్సు వీధి మొగదల ఆగినప్పుడు, గడ్డివామి అంటుకొని అగ్నిమాపక యంత్రం లోపలికి రాలేనప్పుడు అందరికీ తెలుస్తుంది.

మూడవది నీరు. ఇదే అన్నిటికంటె బరువైనది. గార్ల ప్రక్కన పారే పాకాల ఏరు పొంగినప్పుడు అవతలి రాంపురం, మద్దివంచ గ్రామాలకు రాకపోకలు నిలిచిపోవడం ఆ ప్రాంతంవారికి కొత్త కాదు. ఆ ఏరు పోయి కలిసేది మున్నేటిలో. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు 1వ తేదీన కురిసిన వానలకు ఈ జిల్లాలోనే ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయినది; దిగువన ఖమ్మంలో మున్నేరు ఇండ్లను ముంచినది. అంతటి వానను ఏ నక్షా ఆపలేదు. కాని నీటి దారిలో గోడ ఉండవలెనా, పక్కగా ఉండవలెనా అన్నది మాత్రం మన చేతిలోని పని. పైన చెప్పిన 2012 నియమావళి దీనికి కొలతలు ఇచ్చినది. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు నిండు నీటిమట్టం నుండి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువుకు 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన వెడల్పు గల వాగుకు 9 మీటర్లు, అంతకు చిన్న కాలువకు 2 మీటర్లు వదలవలెను. వేసవిలో చూస్తే ఆ జాగా ఖాళీగా, ఎవరికీ అక్కరలేనట్లు కనిపిస్తుంది. దాని అక్కర శ్రావణ భాద్రపదాలలో తెలుస్తుంది.

ఇంటి సంగతి ఇట్లుండగా, ఇండ్ల స్థలాల సంగతి మరొకటి. పొలాన్ని ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మేవారు కూడా ముందుగా లేఅవుటు ఆమోదం పొందవలెను. రోడ్లకు జాగా విడువవలెను. మొత్తంలో నూటికి పది వంతులు ఖాళీ స్థలంగా ఊరికి వదలవలెను. ఆ పని చేయకుండా అమ్మిన ప్లాట్లు రాష్ట్రమంతటా ఎన్ని ఉన్నవో 2020లో తెలిసివచ్చినది. వాటిని క్రమబద్ధం చేయడానికి ఆ ఏడాది ఆగస్టు 31న ప్రభుత్వం ఉత్తర్వు వెలువరించగా, వచ్చిన దరఖాస్తులు 25 లక్షలకు పైబడినవి. ఆ దరఖాస్తులలో ప్రతి దాని వెనుక ఒక కుటుంబం కూడబెట్టిన సొమ్ము ఉన్నది. అమ్మినవాడు వెళ్ళిపోయినాడు; రుసుము కట్టవలసినవాడు కొన్నవాడు. నక్ష చూడకుండా ప్లాటు కొనడం పంచాంగం చూడకుండా ముహూర్తం పెట్టుకొనడంకంటె ప్రమాదమైన పని.

అనుమతి ఇచ్చే తీరులో కూడా ఇటీవల పెద్ద మార్పు వచ్చినది. 2020లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన చట్టం, పట్టణాలలో 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తులోపు ఇంటికి అనుమతి అక్కరలేదన్నది; ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసుకొంటే చాలును. అంతకు పైన 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తులోపు కట్టేవారు, నియమాలన్నీ పాటిస్తామని తామే ధ్రువీకరించినచో వెంటనే అనుమతి లభిస్తుంది. పెద్ద కట్టడాలకు 21 రోజుల గడువు పెట్టినారు. కార్యాలయాల చుట్టు తిరిగే శ్రమ దీనివలన తగ్గినది, అది మేలే. కాని మాట తప్పి కట్టినవాని కట్టడాన్ని ముందుగా నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉన్నది. అనగా పరీక్ష పోలేదు. కట్టకముందు జరిగే పరీక్ష కట్టిన తరువాతికి జరిగినది. అందులో నష్టపడేది ఇంటివాడే.

ఈ నియమాలన్నీ కొలతలకు సంబంధించినవి. కట్టడం ఆ వీధికి, ఆ ఊరికి అందంగా అమరుతుందా అని అడిగేవారు మన గ్రామాలలో లేరు. కొన్ని దేశాలలో ఆ ప్రశ్నకు కూడా ఒక మండలి ఉన్నది. అమెరికాలోని చార్లెస్టన్ పట్టణంలో పాత వీధుల రూపం చెడకుండా కొత్త కట్టడాల నక్షలు చూడడానికి 1931లోనే అట్టి మండలిని ఏర్పరచినారు. మనకు దగ్గరలో అటువంటి శ్రద్ధ పాలంపేటలో కనిపిస్తుంది. 1213 నాటి రామప్ప దేవాలయానికి 2021 జులై 25న ప్రపంచ వారసత్వ గౌరవం లభించినది. దేశంలోని ఇటువంటి రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం; దానికి అవతల మరి 200 మీటర్ల మేర, జాతీయ స్మారక ప్రాధికార సంస్థ పరిశీలన జరిగిన తరువాతనే అనుమతి. దేవుని గుడికి పొరుగున కట్టేవాడు గుడిని తలచుకొని కట్టవలెనన్నమాట. మనిషి ఇంటికి పొరుగున కట్టేవాడు కూడా ఆ మనిషిని కొంచెం తలచుకోరాదా?

ఇంగ్లండులో ఒక మంచి ఆచారం ఉన్నది. ఎవరైనా కట్టడానికి దరఖాస్తు పెట్టితే, స్థానిక సంస్థవారు ఇరుగుపొరుగులకు జాబు వ్రాసిగాని, స్థలం దగ్గర ప్రకటన అంటించిగాని ఆ సంగతి తెలియజేస్తారు. వారి అభ్యంతరాలు విన్న తరువాతనే నిర్ణయిస్తారు. మన గ్రామాలలో అట్టి జాబు రాకపోయినా ఆ పనికి తగిన వేదిక లేకపోలేదు. 2018 చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకొకసారి జరుగవలెను. వచ్చిన దరఖాస్తుల జాబితాను పంచాయతీ పలక మీద వ్రాసినా, సభలో చదివి వినిపించినా, గోడ అవతలివానికి సమయానికి తెలుస్తుంది. తెలియకపోతే అడుగవచ్చును; 2005 నాటి సమాచార హక్కు చట్టం అందుకే ఉన్నది.

సమయానికి తెలియడమే ఇందులో ప్రధానం. ముగ్గు పోయకముందు వచ్చిన అభ్యంతరం ఒక మంచి మాట. గోడ లేచిన తరువాత వచ్చిన అభ్యంతరం ఒక వ్యాజ్యం. కాగితం మీది గీత చెరపడానికి రబ్బరు ముక్క చాలును. లేచిన గోడను చెరపడానికి గడ్డపార కావలెను, ఇరువైపుల వారి స్నేహం కూడా దానితోనే కూలుతుంది. కాబట్టి మీ వీధిలో ఎవరైనా ఇల్లు కట్టదలచినారని తెలిస్తే, ఒక సాయంకాలం వారింటికి వెళ్ళి నక్ష చూపమని అడగండి. మీరే కట్టదలచినట్లయితే, పంచాయతీకి ఇవ్వడానికి ముందే ఆ నక్షను పక్కింటివారి ముందు పరచండి. ఆ తరువాత పంచాయతీవారు చూడవలసినది చాలా వరకు తగ్గిపోతుంది.