మొరిగే కుక్క ఏం చెబుతోంది?

"ఏమండీ, మీ కుక్క కరుస్తుందా?"

"అబ్బే, లేదండీ. మొరుగుతుందంతే."

అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర రోజూ వినిపించే మాటలే ఇవి. అడిగినాయన సగం నమ్మి సగం నమ్మక గోడకు అతుక్కుపోతాడు. జవాబు చెప్పినావిడ పట్టా ఇంకాస్త బిగించి కుక్కను కాళ్ల దగ్గరికి లాక్కుంటుంది. ఇద్దరి మధ్యా ఇరుక్కున్న ఆ కుక్క చెవులు వెనక్కి వాల్చి, మూతి నాక్కుంటూ, ఓరకంట తెల్లగుడ్డు కనబడేలా పక్కకు చూస్తుంటుంది. ఆయన ప్రశ్నకు సరైన జవాబు ఆ ముఖం మీద ఉంది. దాన్ని మాత్రం ఎవరూ చూడరు.

కుక్క గురించి మన సామెతలు ఎప్పుడో తీర్పులిచ్చేశాయి. మొరిగే కుక్క కరవదు. కుక్క కాటుకు చెప్పుదెబ్బ. కుక్క తోక వంకర. ఇంట్లో కుక్క గుర్రుమన్నా, వీధిలో మరో కుక్కను చూసి పట్టా తెంచుకునేంతగా ఎగిరినా మనం చేసేది ఈ మూడింటిలో ఏదో ఒకటే. పట్టించుకోకుండా వదిలేస్తాం, లేదా కొడతాం, లేదా దాని బుద్ధి అంతేనని చేతులెత్తేస్తాం. గత వందేళ్ల పరిశోధన ఈ మూడు తీర్పుల గురించీ ఏమంటోందో చూద్దాం.

కోపం వెనక భయం

మిగతా కుక్కలు తల తిప్పి చూసి ఊరుకునే వాటికి కూడా అతిగా చెలరేగే కుక్కను శిక్షకులు 'రియాక్టివ్ డాగ్' అంటారు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, స్కూటరు చప్పుడు, ఎదురొచ్చే మరో కుక్క, పరుగెత్తే పిల్లవాడు, ఏదైనా దానికి కారణం కావచ్చు. చూసేవాళ్లకు అది పొగరులా కనిపిస్తుంది. చాలాసార్లు దాని అడుగున ఉండేది భయం.

భయపడ్డ జంతువుకు మొదట తోచేది తప్పుకుపోవడం. మెడకు పట్టా, ఎదురుగా అపరిచితుడు, వెనక గోడ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని మన పెద్దలు అన్నది ఇదే. తోటలో వదిలితే సాటి కుక్కలతో హాయిగా ఆడుకునే కుక్క, పట్టా వేయగానే వాటి మీదకే విరుచుకుపడడం అందుకే.

మొరగడం అలవాటుగా ముదరడానికి మరో కారణం ఉంది. కొరియర్ అబ్బాయి గేటు దగ్గరికి వస్తాడు, కుక్క మొరుగుతుంది, అతను ప్యాకెట్ ఇచ్చి వెళ్లిపోతాడు. అతను వెళ్లింది పని అయిపోయినందుకని మనకు తెలుసు. కుక్క లెక్కలో మాత్రం తన అరుపే అతన్ని తరిమింది. పాలబ్బాయి, గ్యాస్ బండి, పేపరు కుర్రాడు, ఇలా రోజుకు నాలుగైదుసార్లు ఆ 'గెలుపు' అందుతుంటే మొరుగుడు మానమంటే ఎందుకు మానుతుంది?

ఈ భయానికి మూలం తరచూ పసితనంలోనే ఉంటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం బార్ హార్బర్‌లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే శాస్త్రవేత్తలు కొన్ని కుక్కపిల్లలను మనిషి చేయి తగలకుండా, చుట్టూ ఎత్తయిన దడి ఉన్న మైదానంలో పెంచారు. వేర్వేరు వయసుల్లో కొన్నింటిని బయటికి తెచ్చి ఒక్కో వారం మనుషులకు మచ్చిక చేశారు. 5 నుంచి 9 వారాల మధ్య వచ్చినవి బాగా దగ్గరయ్యాయి. 14 వారాల దాకా మనిషి ఎరగకుండా పెరిగినవి అడవి జంతువుల్లా బెదిరిపోయాయి. 1961లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఈ ప్రయోగం తర్వాత, 3 నుంచి 12-14 వారాల మధ్య కాలం కుక్కకు లోకపరిచయం జరిగే వయసని స్థిరపడింది. ఆ వయసంతా అంగడి పంజరంలోనో, మేడ మీద గొలుసుతోనో గడిచిన కుక్కకు ఆ తర్వాత ప్రతి కొత్త ముఖమూ అనుమానమే.

జాతిని నిందించడమూ మనకు అలవాటే. 2022లో అదే పత్రికలో వచ్చిన అధ్యయనం 18 వేలకు పైగా కుక్కల యజమానుల జవాబులను, 2 వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించింది. ఒక కుక్క ప్రవర్తనకూ మరో కుక్క ప్రవర్తనకూ ఉన్న తేడాలో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమేనని తేల్చింది. పెద్ద జాతి కుక్క కరిస్తే గాయం పెద్దదవుతుంది, అది నిజం. అంతమాత్రాన మీ ఎదురుగా ఉన్న కుక్క స్వభావాన్ని దాని జాతి పేరు చూసి చెప్పలేం.

మొరిగే కుక్క కరవదా?

కరుస్తుంది. కాకపోతే ముందు చెప్పి కరుస్తుంది. ఆ చెప్పడం మొరుగుడుకన్నా చాలా ముందే మొదలవుతుంది. బ్రిటన్ పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ దీన్ని ఒక నిచ్చెనలా గీసి చూపారు. కింది మెట్ల మీద ఆవలింత, రెప్పలార్చడం, ముక్కు నాక్కోవడం ఉంటాయి. ఆ పైన ముఖం తిప్పుకోవడం, ఒళ్లు పక్కకు తిప్పడం, లేచి వెళ్లిపోవడం. ఇంకా పైకి పోతే తోక కాళ్ల మధ్య దూర్చి ముడుచుకోవడం, కొయ్యబారి తేరిపార చూడడం. అప్పుడు వస్తుంది గుర్రు. ఆ తర్వాత గాలిలో పళ్లు టకటకలాడించడం. చిట్టచివరి మెట్టు కాటు.

తోక ఊపితే మంచిదేనన్న నమ్మకమూ పూర్తిగా నిజం కాదు. ఇటలీ శాస్త్రవేత్తలు 2007లో 30 కుక్కల తోకలను కెమెరాతో గమనించారు. యజమానిని చూసినప్పుడు ఊపు కుడివైపు ఎక్కువగా మొగ్గింది. పరిచయం లేని, పెత్తనం చేసే తీరున్న కుక్క ఎదురైనప్పుడు ఎడమవైపు మొగ్గింది. బిర్రబిగిసిన ఒంటితో, నిటారుగా నిలిపిన తోకను గబగబా ఆడించే కుక్క ఆటకు పిలవడం లేదు.

కరిచే కుక్క మొరగదని సామెతకు రెండో సగం కూడా ఉంది. అలాంటి కుక్కలు నిజంగానే ఉన్నాయి, వాటిలో చాలావాటిని తయారుచేసింది మనమే. గుర్రుమన్న ప్రతిసారీ దెబ్బ పడితే కుక్క నేర్చుకునేది గుర్రుమనకూడదని మాత్రమే. లోపలి భయం ఎక్కడికీ పోదు. మధ్య మెట్లు విరగ్గొట్టిన నిచ్చెన మీద అది నేల నుంచి నేరుగా కాటు దగ్గరికి దూకుతుంది. "ఇన్నాళ్లూ ఏమీ అనలేదండీ, ఉన్నట్టుండి పట్టుకుంది" అనే ఇళ్లలో ఈ కథ తరచూ ఉంటుంది.

'ఉన్నట్టుండి' వెనక ఇంకో లెక్క కూడా ఉంటుంది. పొద్దున వీధిలో టపాసు పేలింది. మధ్యాహ్నం సూది వేయించారు. సాయంత్రం చుట్టాలొచ్చారు, వాళ్ల పిల్లలు చెవులు లాగారు. ఒక్కోటి విడిగా అయితే ఓర్చుకునేదే. ఒత్తిడి హార్మోన్లు దిగడానికి గంటలు పడుతుంది కాబట్టి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పిల్లలను కరిచేవాటిలో ఇంట్లోవో, తెలిసినవాళ్లవో అయిన కుక్కలూ చాలా ఉంటాయి. పిల్లలు ఆ కింది మెట్లను గుర్తుపట్టలేరు. పసిపిల్లలనూ కుక్కనూ ఒంటరిగా ఒకచోట వదలకూడదని నిపుణులు అనేది అందుకే.

చెప్పుదెబ్బ సిద్ధాంతం

కుక్కను లొంగదీయాలి, ఇంట్లో ఎవరు పెద్దో దానికి తెలియాలి అనే వాదానికి పుట్టుక తోడేళ్ల దగ్గర ఉంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్, బాసెల్ జంతుశాలలో బంధించిన తోడేళ్లను చూసి వాటి మధ్య పెత్తనం కోసం జరిగే పోరును వర్ణించాడు. 1970లో డేవిడ్ మెక్ రాసిన పుస్తకంతో 'ఆల్ఫా తోడేలు' అనే మాట లోకమంతా పాకింది. తర్వాత అదే మెక్ కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మీర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏటేటా వేసవుల్లో గమనించాడు. గుంపంటే అమ్మా నాన్నా, వాళ్ల పిల్లలూ ఉన్న కుటుంబమని చూసి, 1999లో తన పాత మాటను తానే సవరించుకున్నాడు. ఎక్కడెక్కడివో పట్టుకొచ్చి ఒకే బోనులో కుక్కిన జంతువుల తగవు చూసి తోడేలు సంసారం ఇలాగే ఉంటుందనడం, జైలు చూసి ఊరి గురించి రాయడం లాంటిది. కుక్క విషయంలో ఆ రాతనే మనం ఇంకా పాటిస్తున్నాం.

దాని ఫలితమేమిటో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో లెక్క తీశారు. ప్రవర్తన సమస్యలతో తమ దగ్గరికొచ్చిన 140 మంది యజమానులను వాళ్లు అంతకుముందు ఏం ప్రయత్నించారో అడిగారు. కొట్టడం, తన్నడం చేసినవాళ్లలో 43 శాతం మంది మీద కుక్క తిరగబడింది. వెల్లకిలా పడేసి అదిమిపట్టిన వాళ్లలో 31 శాతం మందికీ, కళ్లలోకి గుడ్లురిమి చూసినవాళ్లలో 30 శాతం మందికీ అదే అనుభవం.

తిరగబడని కుక్కల సంగతి పోర్చుగల్‌లో తేలింది. 2020లో వెలువడిన అధ్యయనంలో అక్కడి శిక్షణ కేంద్రాల్లోని 92 కుక్కలను పరిశీలించారు. గద్దింపు, గుంజుడు, షాక్ కాలర్ల మధ్య నేర్చుకునే కుక్కల్లో, తాయిలంతో నేర్చుకునేవాటికన్నా ఒత్తిడి సూచనలు ఎక్కువగా కనిపించాయి. శిక్షణ తర్వాత వాటి లాలాజలంలో కార్టిసాల్ కూడా ఎక్కువగా పెరిగింది. ఆ తర్వాత గదిలో ఒక పక్క గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుందనీ, మరో పక్క గిన్నె ఎప్పుడూ ఖాళీయేననీ నేర్పి, రెంటికీ నడుమ ఒక గిన్నె పెట్టారు. గద్దింపు, గుంజుడు ఎక్కువ చవిచూసిన బృందం ఆ గిన్నె దగ్గరికి మెల్లగా, ఆశ లేనట్టుగా నడిచింది.

తోక వంకర పోతుందా?

చాలావరకు పోతుంది, అయితే దారి వేరు. 1924లో అమెరికన్ మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడి కథను ప్రచురించారు. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును గదిలో దూరంగా పెట్టి, రోజురోజుకూ కాస్త దగ్గరికి జరిపారు. చివరికి వాడు దాన్ని నిమిరాడు. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల మీద కనిపెట్టిన, ఒకదాన్ని మరోదానితో జతచేసి నేర్పే సూత్రం అలా మనిషి భయానికి మందయింది. ఇప్పుడు అదే మందు తిరిగి కుక్కల దగ్గరికి వచ్చింది.

మొదలుపెట్టాల్సింది పశువైద్యుడి దగ్గర. చెవిలో చీము, పంటి నొప్పి, తుంటి కీళ్ల అరుగుదల, ఒళ్లంతా పిడుదులు, వీటిలో ఏదున్నా కుక్క చిరచిరలాడుతుంది. నొప్పి తగ్గకుండా శిక్షణ పారదు. టీకా వేయించని కుక్క ప్రవర్తన హఠాత్తుగా మారితే రేబిస్‌ను కూడా అనుమానించాలి.

రెండో పని, చెలరేగే అవకాశాలు తగ్గించడం. వీధి కనబడే కిటికీకి తెర వేయండి. కొరియర్ వచ్చే వేళకు లోపలి గదిలో ఉంచండి. నడకకు సందడి లేని వేళ, వెడల్పైన దారి ఎంచుకోండి. మూతికి బుట్టలాంటి చిక్కం అలవాటు చేయండి. నూర్పిళ్లప్పుడు ఎద్దుకు కట్టే చిక్కం ఎలా శిక్ష కాదో ఇదీ అంతే. కుక్క వగర్చి ఒంటి వేడి తగ్గించుకుంటుంది కాబట్టి, నోరు బిగించే గుడ్డపట్టీ కాకుండా లోపల నోరు తెరవగలిగే బుట్టే వాడాలి.

అసలు శిక్షణకు ప్రతి కుక్క చుట్టూ కంటికి కనబడని ఒక గడప ఉందనుకోండి. ఎదుటి కుక్క ఆ గడపకు అవతల ఉన్నంతసేపు మీది చూస్తుంది కానీ చెలరేగదు, తాయిలం పెడితే తింటుంది, పిలిస్తే తల తిప్పుతుంది. ఇవతలికి వస్తే తిండి కూడా ముట్టదు. ఆ గడప 10 మీటర్లు కావచ్చు, 40 కావచ్చు. దానికి అవతల నుంచే మొదలుపెట్టాలి. ఎదుటి కుక్క కనబడగానే ఉడికించిన కోడిమాంసం ముక్కో, పనీర్ ముక్కో వరసగా పెట్టండి. అది కనుమరుగు కాగానే ఆపేయండి. ఈ వరస తప్పకూడదు. భయపెట్టేది ముందు, తిండి తర్వాత. తిరగేస్తే తాయిలం సంచి చూడగానే ఏదో ముంచుకొస్తోందని కుక్క బెదరడం నేర్చుకుంటుంది. రోజుకు ఐదు పది నిమిషాలు చాలు. కొన్ని వారాల తర్వాత ఎదుటి కుక్కను చూసి మీ ముఖం వైపు 'ఏదీ నా ముక్క?' అన్నట్టు చూస్తే, గడపను కాస్త దగ్గరికి జరపొచ్చు. చెలరేగిందంటే తొందరపడింది మీరే. తిట్టకుండా వెనక్కి తిరగండి.

మొరిగేదానికి తిండి పెడితే మొరుగుడును మెచ్చుకున్నట్టు కాదా అని చాలామంది అడుగుతారు. భయపడే పిల్లవాడికి మిఠాయి ఇచ్చినంత మాత్రాన వాడు మిఠాయి కోసం ఇంకా భయపడడు. ఇక్కడ మారుతున్నది భయమే.

అన్ని కుక్కలూ పూర్తిగా మారవు. కొన్నింటికి వైద్యుడు మందులు కూడా రాయాల్సి వస్తుంది, కొన్నింటికి చిక్కం జీవితాంతం తప్పదు. లోతుగా, పదేపదే కరిచిన కుక్కకు ఇంటి వైద్యం చాలదు. కుక్క ఎవరికీ హాని చేయకుండా చూసే బాధ్యతను చట్టం కూడా యజమాని మీదే పెట్టింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, పెంపుడు జంతువు వల్ల ప్రమాదం జరగకుండా జాగ్రత్తపడని వారికి 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతికి బయటపడడం దాదాపు లేదు.

ఈసారి మీ కుక్క గుర్రుమంటే చేయి ఎత్తకండి, ఒక అడుగు వెనక్కి వేయండి. అది ఇంకా మాటతోనే సరిపెడుతోంది. లిఫ్టు దగ్గర పక్కింటాయన "కరుస్తుందా అండీ?" అని అడిగితే, "మొరుగుతుందంతే" అనకండి. "భయపడుతుందండీ, మీరు పైకి వెళ్లండి, మేం తర్వాతి లిఫ్టులో వస్తాం" అనండి.