భిలాయి కట్టినవాళ్ల దేశం చదరంగాన్ని ఎలా ఏలింది?

భిలాయి ఉక్కు కర్మాగారాన్ని సోవియట్ యూనియన్ సాయంతో కట్టారు. 1955లో ఒప్పందం కుదిరినప్పుడూ, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైనప్పుడూ చదరంగంలో ప్రపంచ విజేత ఆ దేశానికే చెందిన మిఖాయిల్ బోట్విన్నిక్. మధ్యలో 1957లో స్మిస్లోవ్ చేతిలో ఓడినా, మరుసటి ఏడాదే మళ్లీ గెలిచారు. ఆయన ఎలక్ట్రికల్ ఇంజినీరు కూడా!

1948 నుంచి 1972 దాకా ఆ కిరీటం సోవియట్ ఆటగాళ్లదే. ఎందుకు? అక్కడి ప్రభుత్వం పిల్లల పయనీర్ భవనాల్లో శిక్షకులను పెట్టి ఆట నేర్పించింది. గొప్ప ఆటగాళ్లే గురువులయ్యారు. తర్వాత ప్రపంచ విజేతలైన కార్పోవ్, కాస్పరోవ్ బోట్విన్నిక్ బడిలో నేర్చుకున్నవాళ్లే.

సోవియట్‌వాళ్లు అంతరిక్షంలోనూ చదరంగం ఆడారు! 1970 జూన్ 9న సోయుజ్-9 వ్యోమగాములు రేడియోలో ఎత్తులు చెబుతూ భూమి మీదివాళ్లతో తలపడ్డారు. మరి పావులు గాల్లో తేలిపోవా? పలకకు గాడులు పెట్టి, పావులు వాటిలోనే జరిగేలా అమర్చారు. అయస్కాంతం నౌకలోని పరికరాలను దెబ్బతీయవచ్చని వాడలేదు. ఆట డ్రా అయింది.

మన విశ్వనాథన్ ఆనంద్ కూడా చిన్నప్పుడు మద్రాసు సోవియట్ సాంస్కృతిక కేంద్రంలోని తాల్ చెస్ క్లబ్‌లో ఆడినవారే. 1988లో దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. నేర్పే గురువు, రోజూ ఆడే తోడు ఉంటే ఏ ఊరి పిల్లలైనా ఎదుగుతారు.