కలిసిపోయిన శిఖరాలను కొలిచేదెలా?

కళ్లంలో రెండు ధాన్యపు రాశులను పక్కపక్కనే పోస్తే అంచులు కలిసిపోతాయి. అప్పుడు ఏ రాశిలో ఎంత ధాన్యం ఉందో చెప్పగలరా? ప్రోటీన్ల నిర్మాణాన్ని శోధించే శాస్త్రజ్ఞులకూ ఇలాంటి చిక్కే ఎదురవుతుంది.

బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచిన పదార్థం మీదికి రేడియో తరంగాలను పంపితే, అందులోని హైడ్రోజన్ కేంద్రకాలు తమ పరిసరాలను బట్టి స్వల్ప తేడాలున్న పౌనఃపున్యాల వద్ద స్పందిస్తాయి. ఇదే కేంద్రక అయస్కాంత అనునాదం, క్లుప్తంగా ఎన్.ఎం.ఆర్. ప్రోటీన్‌లో వందలాది హైడ్రోజన్లుంటాయి. వాటి సంకేతాలన్నీ ఒకే అక్షం మీద ఇరుక్కుపోతాయి. వాటిని రెండు అక్షాల మీద పరచవచ్చని 1971లో బెల్జియం శాస్త్రజ్ఞుడు జీనర్ సూచించాడు. ఆ ఊహను ఆచరణలోకి తెచ్చిన వారిలో ముఖ్యుడు స్విట్జర్లండుకు చెందిన రిచర్డ్ ఎర్నెస్ట్. ఎన్.ఎం.ఆర్. రంగంలో చేసిన కృషికి ఆయనకు 1991లో నోబెల్ బహుమతి లభించింది. ఇలా పరచిన వర్ణపటం కొండలూ గుట్టలూ ఉన్న పటంలా కనిపిస్తుంది.

ఏ రెండు హైడ్రోజన్లు దగ్గరగా ఉన్నాయో తెలిపే ద్విపరిమాణ ప్రయోగాన్ని 1980లో మన దేశానికి చెందిన అనిల్ కుమార్, ఎర్నెస్ట్, వుత్రిక్‌లతో కలిసి ప్రోటీన్లకు అన్వయించారు. ఇందులో దూరం రెట్టింపైతే శిఖరం 64వ వంతుకు తగ్గిపోతుంది. కాబట్టి పెద్ద శిఖరం అంచులో చిన్నది మునిగిపోవడం మామూలే.

ఒక చిన్న లెక్క చేసి చూడండి. ఒకే వెడల్పున్న రెండు శిఖరాల కొనల వద్ద ఎత్తులు 110, 70 అని కొలిచాం. అంత ఎడంలో శిఖరం ఎత్తు ఐదో వంతుకు దిగుతుందని, విడిగా నిలిచిన మరో శిఖరం ఆకారాన్ని బట్టి తెలిసింది. అంటే ప్రతి కొలతలోనూ పొరుగు శిఖరపు ఎత్తులో ఐదో వంతు చేరి ఉంది. అసలు ఎత్తులు క, ఖ అనుకుంటే:

క + ఖ/5 = 110
ఖ + క/5 = 70

సాధిస్తే క = 100, ఖ = 50. రెండో శిఖరాన్ని 70గానే రాసుకుంటే 40 శాతం పొరపాటన్నమాట! దూరం లెక్కలో ఇది ఆరు శాతం లోపే. కాని మిశ్రమంలో పదార్థం ఎంతుందో కొలిచేటప్పుడు మాత్రం 40 శాతమూ అలాగే నిలుస్తుంది.

కంప్యూటరు రెండు బిందువులతో సరిపెట్టుకోదు. శిఖరాల స్థానం, వెడల్పు, ఎత్తులను మారుస్తూ, లెక్కించిన ఆకారానికీ కొలిచినదానికీ మధ్య తేడాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యేదాకా సరిచూస్తుంది. చివర ఒకదానిలోంచి మరొకదాన్ని తీసివేస్తే క్రమం లేని అలజడి మాత్రమే మిగలాలి. ఇంకా గుట్ట మిగిలిందంటే మూడో శిఖరం దాగి ఉండవచ్చు.

రెండు శిఖరాలూ ఒకేచోట ఉంటే? పై లెక్కలో ఐదో వంతుకు బదులు ఒకటి వేసి చూడండి. రెండు సమీకరణాలూ ఒకటైపోతాయి. అక్కడ గణితం చేయగలిగింది లేదు. మరింత బలమైన అయస్కాంతంతోనో, కార్బన్-13, నైట్రోజన్-15ల సాయంతో మూడో అక్షం మీదో సంకేతాలను ఎడంగా పరచాల్సిందే.