జంటమీటలు – తెలుగు వ్రాయువారి చిక్కు

అనంతపురమునుండి కదిరికి పోవు బాటలో బత్తలపల్లి యున్నది. అచ్చటి అంగళ్ళలో నేడు పద్దుపుస్తకముతోబాటు కంప్యూటరును కానవచ్చును. వేరుసెనగ విత్తనముల వర్తకునివద్ద గుమాస్తా యొకడు ఖాతాదారుల పేర్లను తెలుగులో ఎక్కించుచున్నాడనుకొందము. ముప్పది పేర్లు ఎక్కించి, వానిని భద్రపరచుటకై కంట్రోలు మీటను, ఎస్ మీటను కలిపి నొక్కినాడు. పని జరిగినదను నమ్మకముతో టీ త్రాగబోయినాడు. ఇంతలో కరెంటు పోయినది. మరల వచ్చి చూచునప్పటికి ముప్పది పేర్లలో ఒక్కటియు లేదు. ఇంగ్లీషులో వ్రాయునప్పుడు ఎన్నడును మొరాయించని ఆ మీటలు తెలుగులో ఏల పలుకలేదు? గుమాస్తాను నిందించి లాభము లేదు. ఆ ప్రోగ్రాము వ్రాసినవాడు ఒక చిన్న ప్రశ్నను తప్పుగా అడిగినాడు. ఆ ప్రశ్న యేదో విచారింతము.

రెండు మూడు మీటలను ఒక్కసారి నొక్కి ఆజ్ఞ యిచ్చుటను షార్టుకట్టు అనుచున్నారు. మనము జంటమీట యనుకొందము. దీని పుట్టుక కంప్యూటరు తెరకంటె పాతది. టెలిప్రింటరు యంత్రములు అక్షరములనే గాక యంత్రమును నడుపు సంజ్ఞలనుకూడ తీగమీద పంపవలసి యుండెను. 1963లో అమెరికాలో ఏర్పడిన ఆస్కీ పట్టికలో ఎస్ అక్షరపు సంఖ్య 83. కంట్రోలుతో కలిపి నొక్కినచో అందులో 64 తగ్గి 19 అగును. ఆ 19 పంపుట ఆపుమను సంజ్ఞగా వాడుకలోనికి వచ్చినది. జి అక్షరము 71. కంట్రోలుతో అది 7 అయి, అవతలి యంత్రముపై గంట మ్రోగించెడిది. పిమ్మట 1970వ దశకములో జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమునందు లారీ టెస్లర్ ప్రభృతులు వ్రాతను కోయుట, నకలు తీయుట, అతుకుట అను పనులకు రూపము కల్పించిరి. 1983లో ఆపిల్ సంస్థ వెలువరించిన లీసా యంత్రములో ప్రక్కప్రక్కన నున్న జెడ్, ఎక్స్, సి, వి మీటలు ఈ పనులకు కుదిరినవి. రేడియో స్టూడియోలలో ఒకప్పుడు అయస్కాంతపు టేపును నిజముగానే బ్లేడుతో కోసి అతికించెడివారు. ఇప్పుడు బ్లేడు పోయినది. కోయుట, అతుకుట అను మాటలు మాత్రము మిగిలినవి.

ఇక అసలు విషయము. ప్రతి మీటకును మూడు గుర్తింపులు గలవు. మొదటిది స్థానము. ఐబిఎం పీసీ నాటినుండి వచ్చుచున్న లెక్కలో ఎస్ మీట స్థానసంఖ్య 31. రెండవది ఆపరేటింగు సిస్టము ఆ మీటకు పెట్టుకొన్న పేరు. విండోస్ దానిని 83 అని పిలుచును. తెలుగు పలక ఎంచుకొన్నను ఈ పేరు మారదు. మూడవది ఆ మీటవలన పుట్టు అక్షరము. ఇది పలకనుబట్టి మారిపోవును.

మన భాషలకు ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరిక 1986లో భారతప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖవారి పూనికతో వచ్చినది. 1991 నాటి భారతీయ ప్రమాణములో అది చేరినది. ఎడమచేతిక్రింద అచ్చులు, వాని గుణింతపు గుర్తులు, కుడిచేతిక్రింద ఎక్కువ హల్లులు వచ్చునట్లు దీనిని కూర్చిరి. ఈ అమరికలో సి మీట నొక్కిన మ, వి మీట నొక్కిన న, ఎక్స్ మీట నొక్కిన సున్న వచ్చును. కె మీటపై క యుండుట కేవలము యాదృచ్ఛికము. ఎస్ మీటపై నున్నది ఏత్వము. కావున “వచ్చిన అక్షరము ఎస్ అవునా?” అని మాత్రమే అడుగు ప్రోగ్రామునకు తెలుగు పలకపై ఎస్ ఎన్నడును ఎదురుపడదు. అది ఊరకుండును. ఊరకుండుటయే ఇందలి ప్రమాదము. తప్పు జరిగినదని ఒక్క మాట చెప్పినను గుమాస్తా టీకి పోకయుండును.

అట్లైన అక్షరమును విడిచి స్థానమునే నమ్ముకొనరాదా? అదియు పనికిరాదు. ఫ్రెంచివారి పలకలో ఎ, క్యూ మీటలు మన ఇంగ్లీషు పలకకు తారుమారుగా నుండును. స్థానమును మాత్రమే చూచు ప్రోగ్రాములో వారు వ్రాతనంతటిని ఎంచుకొనుటకై కంట్రోలుతో ఎ నొక్కినచో, అది క్యూ యనుకొని, చాల ప్రోగ్రాములలో ఆ ఆజ్ఞకు గల అర్థముచొప్పున పని చాలించి తలుపు మూసికొనును! కావున నియమ మిది: అమలులోనున్న పలకవలన లాటిను అక్షరము పుట్టినచో దానినే గైకొనవలెను, తెలుగువంటి వేరులిపి అక్షరము పుట్టినచో, అదే మీటపై ఇంగ్లీషు పలకలో నున్న అక్షరమును గ్రహింపవలెను. విండోసులో మీటపేరును అడిగినచో ఈ రెండును చక్కబడును. లినక్సులో మీటపేరు అమలులోనున్న పలకనుబట్టియే ఏర్పడుటచే, క్యూటీవంటి ఉపకరణములు లాటిను అక్షరముగల వేరొక పలకను వెదకి చూచును. ఇట్టి ఉపకరణము చేతనుండగా సొంతముగా మీటలను లెక్కపెట్టబూనుట వృథాప్రయాస యని నా అభిప్రాయము.

మరియొక చిక్కు రూపాయి గుర్తుది. 2010లో మన ప్రభుత్వము రూపాయికి గుర్తు నిర్ణయించిన పిమ్మట, విండోసులోని భారతీయ ఇంగ్లీషు పలకపై దానిని కుడి ఆల్ట్ మీటతో 4 నొక్కి వ్రాయవచ్చును. ఆ కుడి ఆల్ట్ మీటను విండోస్ కంట్రోలు, ఆల్ట్ రెండును కలిసినట్లు ఎంచును. ఎవరైన కంట్రోలు, ఆల్ట్, 4 కలిపి ఒక ఆజ్ఞగా పెట్టినచో, బిల్లు వ్రాయువాని రూపాయి గుర్తును ప్రోగ్రాము మ్రింగివేయును. కావున కంట్రోలు, ఆల్ట్ కలిసిన జంటలను ఆజ్ఞలకు వాడకుండుటయే మేలు.

మీట నొక్కుటయే గాక విడుచుటయు ఒక వార్తయే. కంట్రోలు నొక్కియుండగా వేరొక కిటికీలోనికి మారి, అక్కడ మీట విడిచినచో, ఆ విడుపువార్త మొదటి ప్రోగ్రామునకు చేరదు. అది కంట్రోలు ఇంకను నొక్కియే యున్నదని భ్రమించి, తిరిగి వచ్చినవాడు వ్రాయు ప్రతి అక్షరమును ఆజ్ఞగా తలచును. కిటికీ మారినప్పుడెల్ల పాతలెక్క చెరిపివేసి, మీటల స్థితిని క్రొత్తగా అడిగి తెలిసికొనవలెను. అట్లే మీటను అదిమిపట్టినచో వార్త పదేపదే వచ్చుచుండును. బాణపుమీటకు అది వరము. పద్దు కొట్టివేయు ఆజ్ఞకు మాత్రము మొదటి వార్తనే లెక్కింపవలెను.

చూపు లేనివారు మౌసుతో తెరపై గురిచూడజాలరు; వారికి మీటలే త్రోవ. కావున ప్రతి జంటమీటయు మెనూలో పనిపేరు ప్రక్కనే వ్రాసి యుండవలెను. తెరను చదివి వినిపించు యంత్రము దానిని పలుకును. భద్రపరచుట జరిగినప్పుడు ఆ సంగతియు తెరపై ఒక పంక్తిలో కనబడవలెను. ప్రోగ్రాము వ్రాయువారు దానిని వర్తకునికి ఒప్పగించుటకుముందు పలకను తెలుగునకు మార్చి, కంట్రోలుతో ఎస్, సి, వి, ఎక్స్, జెడ్ మీటలను వరుసగా ఒక్కొక్కటి నొక్కి చూడవలెను. ఇందులకు పట్టునది రెండు నిమిషములు.