చేయి తనంతట తాను కదిలితే అది ఎవరి మాట?

మనసులోని సంగతి మాటగా రాకముందే శరీరంలో కదలికగా బయటపడుతుంది. పడబోతున్న బిడ్డను దూరం నుంచి చూసిన తల్లి చేయి, ఆమె ప్రయత్నం లేకుండానే ముందుకు సాగుతుంది. మా వరంగల్-ఖమ్మం రోడ్డు మీద బస్సులో ముందు సీటున కూర్చున్న ప్రయాణికుడు, ఎదురుగా లారీ దూసుకువస్తే, బ్రేకు తన కాలి కిందే ఉన్నట్లు పాదం నొక్కుతాడు. నొక్కిన సంగతి అతనికే తెలియదు.

ఇటువంటి అనిచ్ఛాచలనాలను ఆధారం చేసుకొని రోగి అంతరంగాన్ని ప్రశ్నించే పద్ధతి ఒకటి సమ్మోహన చికిత్సలో, అంటే హిప్నోథెరపీలో, ఉన్నది. రోగి నోరు మెదపడు. అతని వేలు ఒకటి లేచి ‘అవును’ అంటుంది, మరొకటి లేచి ‘కాదు’ అంటుంది. ఇదంతా నటన అని కొందరూ, అంతరాత్మ పలికిన పరమసత్యమని మరికొందరూ భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు. మరిపెడలో నా వద్దకు వచ్చేవారు తరచుగా అడుగుతున్నందున ఈ విషయాన్ని కొంత వివరంగా తెలియజేస్తున్నాను.

ముందుగా సారాంశం చెబుతాను. చేయి మనకు తెలియకుండా కదలడం నిజం. ఆ కదలిక మనసులోని నమ్మకాన్నీ, భయాన్నీ, ఆశనూ తెలపడం నిజం. అయితే మనసు ఎరుగని విషయాన్ని అది తెలపలేదు. ఈ తేడాను గుర్తించక ధనాన్నీ, ఆరోగ్యాన్నీ, కుటుంబశాంతినీ పోగొట్టుకొన్నవారు ఉన్నారు.

శాస్త్ర దృష్టి

వ్యానవాయువు హృదయస్థానంలో ఉండి శరీరమంతటా సంచరిస్తుందనీ, నడవడం, అవయవాలను ఎత్తడం, దించడం, కనురెప్పలు మూయడం, తెరవడం దాని పనులనీ అష్టాంగహృదయం చెబుతుంది. చరకసంహిత సూత్రస్థానంలోని వాతకలాకలీయాధ్యాయం ఆ వాయువునే మనసును ప్రేరేపించేదిగా, అదుపు చేసేదిగా వర్ణించింది. మనసునూ అవయవాలనూ నడిపే శక్తి ఒకటేనన్న ఈ దృష్టిని అనుసరిస్తే, తలపు పుట్టినచోట కదలికకు బీజం పడడం వింత కాదు.

1852లో ఆంగ్ల వైద్యుడు విలియం కార్పెంటర్ ఇటువంటి చలనానికి ‘ఐడియోమోటార్’ అని పేరు పెట్టాడు. తలపు వలన కలిగే చలనమని దాని భావం. ఇక్కడ సంకల్పం వేరు, తలపు వేరు. ‘చేయి ఎత్తుతాను’ అని నిశ్చయించుకోవడం సంకల్పం. ‘చేయి లేస్తున్నది’ అని ఊహించుకోవడం తలపు. ఊహ గాఢమైనప్పుడు, ఆజ్ఞ లేకున్నా, కండరాలలో సన్నని కదలిక మొదలవుతుంది. చేసేది తానే అయినా, చేస్తున్నానన్న ఎరుక ఉండదు.

వేలి సంజ్ఞలు

సమ్మోహన విద్య మన దేశానికి కొత్త కాదు. మత్తుమందులు వాడుకలోకి రాకముందే, 1845లో, బెంగాలులోని హుగ్లీలో జేమ్స్ ఎస్డేల్ అనే వైద్యుడు రోగులను మెస్మరిజం స్థితిలో ఉంచి శస్త్రచికిత్సలు చేశాడు. తెలుగునాట హిప్నాటిజం అనగానే 2025లో కీర్తిశేషులైన డాక్టర్ బి.వి. పట్టాభిరాం గారు గుర్తుకు వస్తారు. ఇంద్రజాలికులుగా, మనస్తత్వ నిపుణులుగా ఆయన ఈ విద్య గురించి సామాన్యులకు తెలియజెప్పారు.

సమ్మోహనం నిద్ర కాదు. మనసు ఒక్క విషయంపై నిలిచి, చుట్టుపక్కల ధ్యాస తగ్గి, సూచనలను సులభంగా స్వీకరించే స్థితి అది. అమెరికాలో మిల్టన్ ఎరిక్సన్ రోగి చేయి తనంతట తాను తేలికై పైకి లేచేలా సూచనలిచ్చి ఆ స్థితికి తీసుకువెళ్లేవాడు. లెస్లీ లెక్రాన్ అనే మనస్తత్వవేత్త, డేవిడ్ చీక్ అనే స్త్రీవైద్య నిపుణుడు వేలి సంజ్ఞల పద్ధతిని విస్తృతంగా వాడి, 1968లో తమ గ్రంథంలో వివరించారు.

రోగి చేతులను ఒడిలో వదులుగా ఉంచి, ఒక వేలు ‘అవును’కు, ఒకటి ‘కాదు’కు, మరొకటి ‘చెప్పడం ఇష్టం లేదు’కు నియమిస్తారు. ఈ మూడవ వేలు చాలా ముఖ్యం. రోగికి తన రహస్యాన్ని దాచుకొనే హక్కు అందులో ఉన్నది. ప్రశ్న అడిగిన కొంతసేపటికి వేలు సన్నగా వణుకుతూ, ఆగి ఆగి లేస్తుంది. కావాలని ఎత్తిన వేలు సాధారణంగా త్వరగా, నునుపుగా లేస్తుంది. అనుభవజ్ఞులు ఈ తేడాను గమనిస్తారు, కాని దీనిని తిరుగులేని పరీక్షగా భావించరాదు.

నోటితో చెప్పడానికి బిడియపడే రోగికి ఈ పద్ధతి దారి చూపవచ్చు. పరీక్ష హాలులో చేయి బిగుసుకుపోయే విద్యార్థికి తన భయం పరీక్ష గురించా, తండ్రి కోపం గురించా అన్నది తనకే స్పష్టంగా తెలియకపోవచ్చు. వేలి కదలికతో ఆ సంభాషణ మొదలు కావచ్చు. కాని అది మొదలు మాత్రమే.

ఇంట్లో చేసి చూడదగిన పరీక్ష

అడుగు పొడవు దారానికి ఉంగరం కట్టండి. కాగితంపై వృత్తం గీసి, దాని మధ్యగా నిలువుగా, అడ్డంగా రెండు గీతలు గీయండి. దారం కొసను బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకొని ఉంగరాన్ని వృత్తం నడుమ వేలాడదీయండి. చేతిని కదిలించవద్దు. ఉంగరం నిలువు గీత వెంట ఊగుతున్నట్లు ఊహించండి. కొద్దిసేపటికి చాలామందికి అలాగే ఊగుతుంది. తరువాత అడ్డంగా ఊగుతున్నట్లు ఊహించండి, దిశ మారుతుంది.

ఇప్పుడు ముంజేతిని ఏదైనా ఎత్తుపై ఆనించి, కళ్లకు గంతలు కట్టుకొని మళ్లీ చేయండి. ఊపు తగ్గిపోతుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ ఇటువంటి పరీక్షలే చేసి, లోలకాన్ని ఊపేది బయటి శక్తి కాదనీ, పట్టుకొన్నవాని చేయేననీ 1833లో ప్రకటించాడు.

గర్భవతి కడుపుపై ఉంగరం వేలాడదీసి ఆడబిడ్డా, మగబిడ్డా అని చూసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉన్నది. అక్కడ ఉంగరం చెప్పేది బిడ్డ సంగతి కాదు, పట్టుకొన్నవారి కోరిక. ఆ ఊపును చూసి కోడలి కంట నీరు తెప్పించడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

కొబ్బరికాయ, వేప పంగ

మా ప్రాంత రైతులకు ఇది ఆటవిషయం కాదు. మాది ఎక్కువగా గట్టి రాతినేల. రాతి పైన చివికిన పొరలోనూ, లోపలి పగుళ్లలోనూ మాత్రమే నీరుంటుంది. బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకొనో, వేప పంగ పట్టుకొనో చేను తిరుగుతారు. కాయ నిలువుగా లేచినచోట, పంగ కిందికి వంగినచోట గుర్తు పెడతారు.

నిద్రపట్టడం లేదని నా వద్దకు వచ్చిన ఒక రైతు అలా మూడు బోర్లు వేయించి, మూడింటా దుమ్మే చూశాడు. “సారూ, కాయ నిలబడ్డది నా కండ్లతోటి చూసిన. మరి నీళ్లెందుకు పడలే?” అని అడిగాడు. అతని నిద్రలేమికి మూలం అప్పు. నేను ఏ కషాయం ఇచ్చినా ఆ అప్పు కరగదు.

కాయ పట్టినవాడు మోసగాడే కానక్కరలేదు. వేళ్లపై నిలిచీ నిలవక ఉన్న కాయ, అరచేయి వెంట్రుకవాసి వంగినా దొర్లుతుంది. సాగదీసి పట్టిన పంగ, మణికట్టు కొద్దిగా తిరిగినా వంగుతుంది. ‘ఇక్కడ ఉండవచ్చు’ అన్న తలపే ఆ వంపును కలిగిస్తుంది. పచ్చని చెట్లు, పుట్టలు, పక్కవారి బావి అతని కళ్లలో పడే ఉంటాయి. వరాహమిహిరుని బృహత్సంహితలో చెట్లనూ, పుట్టలనూ బట్టి భూగర్భజలాన్ని ఊహించే అధ్యాయమే ఉన్నది. అనుభవజ్ఞుని కంటికి కొంత విలువ ఉండవచ్చు, కాయకు మాత్రం లేదు.

జర్మనీలో మ్యూనిక్ వద్ద 1987-88లో వందలమంది నుంచి ఎంపిక చేసిన 43 మందితో 843 పరీక్షలు జరిపారు. కొందరికి ఈ శక్తి ఉన్నదని పరీక్షకులు భావించినా, తరువాత ఆ లెక్కలను తిరిగి పరిశీలించినప్పుడు, యాదృచ్ఛికంగా ఊహించినదానికంటే ఫలితం మెరుగు కాదని తేలింది. కనుక బోరుకు ముందు భూగర్భజల నిపుణులచేత పరీక్ష చేయించుకోవడం మేలు. అదికూడా నూటికి నూరుపాళ్లు హామీ కాదు, కాని ఆశను కాక నేలను కొలుస్తుంది.

వేలు చెప్పిన గతం

సమ్మోహన చికిత్సలో పెద్ద ప్రమాదం ఇక్కడే ఉన్నది. ‘చిన్ననాడు నీకెవరైనా కీడు చేశారా?’ అని అడిగితే ‘అవును’ వేలు లేవవచ్చు. అది జరిగిన సంగతి కావచ్చు, భయం కావచ్చు, అడిగినవాని గొంతులోని ఎదురుచూపునకు జవాబు కావచ్చు. సమ్మోహనంలో గుర్తుకు తెచ్చుకొన్న విషయాలు మామూలు జ్ఞాపకాలకంటే నమ్మదగినవి కావని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మండలి 1985లోనే తెలిపింది.

గంగిరెద్దు యజమాని సైగకు తల ఊపుతుందని మనకు తెలుసు. బెర్లినులో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు పొందింది. ప్రశ్న అడిగినవారు తమకు తెలియకుండానే తల కదిలించేవారనీ, దానిని చూసి గుర్రం గిట్ట తట్టడం ఆపేదనీ 1907లో ఫుంగ్‌స్ట్ వెల్లడించాడు. అడిగేవాని శరీరం కూడా మాట్లాడుతుందన్నమాట. అందువల్ల వేలి సంజ్ఞను బట్టి తండ్రినో, మేనమామనో దోషిగా నిలపడం, దొంగను పట్టడం, పూర్వజన్మను నిర్ణయించడం తగదు. అలాగే ఎవరైనా తనకు కీడు జరిగిందని నోరు తెరిచి చెప్పినప్పుడు, దానిని వేలికో, ఉంగరానికో వదలక శ్రద్ధగా విని విచారించాలి.

నాడి చూసే వేళ

దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే మూడు పరీక్షలనూ విడదీయవద్దని గురుకులంలో మా గురువుగారు బోధించేవారు. ముంజేయి పట్టుకొన్నప్పుడే కుశల ప్రశ్నలు వేయమనేవారు. ఆకలి గురించి అడిగితే వదులుగా ఉన్న వేళ్లు, అల్లుని గురించి అడగగానే ముడుచుకోవచ్చు. అప్పుడు ‘అల్లుడే కారణం’ అని నిర్ణయించకూడదు. ‘అమ్మా, ఈ మాటకు మీ చేయి బిగిసింది, ఏమైనా చెప్పాలని ఉందా?’ అని అడగాలి. చెబితే వినాలి. చెప్పకపోతే ఆగాలి. చరకుడు చెప్పిన సత్త్వావజయ చికిత్స, అంటే మనసును అహితమైన విషయాల నుంచి మరల్చడం, ఇటువంటి నమ్మకం కుదిరిన తరువాతనే ఫలిస్తుంది.

రోగలక్షణమైన కదలికలు

ప్రతి అనిచ్ఛాచలనమూ మనసు పంపిన సందేశం కాదు. నిద్రలోకి జారుతున్నప్పుడు ఒళ్లు ఒక్కసారి ఉలికిపడడం సహజం. కింది లక్షణాలుంటే మాత్రం వైద్యునికి చూపించాలి.

• విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక చేయి వణుకుతూ, నడక మందగిస్తే కంపవాతం కావచ్చు. దూలగొండి గింజలలో లెవోడోపా సహజంగానే ఉన్నది. అందుకే వాటిని స్వయంగా వాడరాదు. ఇప్పటికే మాత్రలు వాడేవారు మరింత జాగ్రత్త వహించాలి.

• వణుకుతోపాటు గుండెదడ, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం.

• గొంతునొప్పి, జ్వరం తగ్గిన కొంతకాలానికి పిల్లల చేతులు, ముఖం అదుపులేకుండా కదిలితే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. గుండె కవాటాలకు హాని కలగకముందే చూపించాలి.

• వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, మానసిక రోగాలకు వాడే హాలోపెరిడాల్ వంటి మందుల వలన కూడా మెడ, నాలుక, దవడ వంకరపోవచ్చు.

• మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళాలు, ఇనుము పెట్టవద్దు. నోట్లో చెంచా పెట్టవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

సమ్మోహన చికిత్స కోరేవారికి

వైద్య, మనస్తత్వ శాస్త్రాలలో శిక్షణ పొందినవారినే ఆశ్రయించండి. మొదట శరీర రోగం లేదని నిర్ధారించుకోండి. ఎవరూ లేకుండా వినిపించే మాటలు, అనుమాన పిచ్చి ఉన్నవారికి ఈ చికిత్సకు బదులు మానసిక వైద్యుని సలహా ముందు అవసరం. ‘టెలి మానస్’ 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది. వాడుతున్న మందులు మానమనేవారినీ, ఒక్క కూర్చోబెట్టుతో గతమంతా చెప్పిస్తామనేవారినీ దూరంగా ఉంచండి.

చేయి కదిలినప్పుడు దానిని తీర్పుగా కాక, తలుపు తట్టిన చప్పుడుగా భావించాలి. వచ్చినది ఎవరో తలుపు తీసి, మాట్లాడి తెలుసుకోవాలి.