చెరువు అంచున చేపల ఉయ్యాల

“చేపపిల్లకు ఈత నేర్పాలా?” అని మనవాళ్ళ సామెత. నిజమే, నేర్పనక్కరలేదు. కాని ఈత వచ్చినంత మాత్రాన పిల్ల బతికి బట్టకడుతుందా? గుడ్డులోంచి అప్పుడే వెలువడిన చేపపిల్ల బియ్యపుగింజంత వుంటే గొప్ప. మొదటి కొద్ది రోజులు పొట్టకింది సొనసంచే దానికి అన్నం. అది కరిగిపోగానే ఆకలి మొదలు. సరిగ్గా అప్పుడే దానికోసం చుట్టూ నోళ్ళు తెరుచుకుని వుంటాయి. పెద్ద చేపలు, నీరుకట్టె పాము, కొంగ, ఆఖరికి నీటిలో పెరిగే తూనీగ పిల్లపురుగు సైతం దాని పాలిటి యముళ్ళే!

ఇన్ని గండాల నడుమ అది పెరిగేది ఎక్కడ? చెరువు అంచున. ఒడ్డు లోపలికి మలుపు తిరిగి, గాలి అలలు తగలని మూలల్లో మోకాలిలోతు నీళ్ళుంటాయి. అక్కడ ఎండ అడుగుదాకా దిగుతుంది. నీరు వెచ్చబడుతుంది. కంటికి ఆనీ ఆనని ప్లవకాలు పుడతాయి. పసినోటికి పట్టే ఆహారం అదే. తుంగ, జమ్ము, నాచు దట్టంగా అల్లుకుని వుండటంవల్ల పెద్ద చేప చొరబడలేదు. అన్నం, ఇల్లు, కాపలా మూడూ ఒక్కచోటే!

మన కొర్రమేను సంగతే చూడండి. అంగడిలో తొట్టినీళ్ళలో ప్రాణంతో అమ్మే ఆ చేపే తెలంగాణ రాష్ట్ర చేప. అది కలుపు మొక్కల నడుమ కాస్త చోటు శుభ్రంచేసి గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిమీద తేలుతాయి. ఎర్రని పిల్లలు గుంపుగా తిరుగుతుంటే తండ్రి, ఒక్కొక్కప్పుడు తల్లి కూడా, కిందనే కాపలా కాస్తుంది. ఆ సమయంలో పెద్దచేపను పట్టితే గుంపంతా దిక్కులేనిదవుతుంది.

బొచ్చె, రోహుల తీరు వేరు. నిలవనీటి చెరువులో అవి గుడ్లు పెట్టవు. వానకాలంలో నది పొంగి, ఒడ్డు దాటి పరచుకున్న పల్లపు నీటిలో పెడతాయి. 1957లో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసం ఎక్కించి, ఈ జాతి చేపలచేత నది లేకుండానే గుడ్లు పెట్టించారు. అయినా పుట్టిన పిల్లను తిన్నగా పెద్ద చెరువులో వదలరు. లోతు తక్కువ నర్సరీ చెరువులో ఎరువు వేసి, ప్లవకాలు పెంచి, పిల్లల్ని తినే చేపల్ని ముందే తీసివేసి సాకుతారు. తెలంగాణలో 2016-17 నుంచి ఉచితంగా చెరువుల్లో వదిలిన పిల్లలు కూడా 35 మిల్లీమీటర్లకు తగ్గనివే. మనం ఇంత ఖర్చుపెట్టి చేసే చాకిరీని చెరువు అంచు ఊరికే చేస్తుంది.

అయితే ముందుగా పోయేది ఆ అంచే. నీరు వెనక్కు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమి వేసవిలో ఎండి, బీడులా కనబడుతుంది. మట్టి పోస్తే నేల, గోడ కడితే స్థలం! కార్ఖానా పక్కనే వున్న పికెట్ పేరుతో పారే నాలా మురుగు మోసుకుంటూ హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. 1562లో కట్టిన ఆ సాగరానికి తూర్పున మొదటినుంచీ కట్టే వున్నది. పల్లంగా వుండిన పడమటి ఒడ్డున 1990లలో నెక్లెస్ రోడ్డు వచ్చింది. షికారుకు బాగానే వున్నది. చేపపిల్లకు మాత్రం చోటు తగ్గింది.

కొల్లేటి కథ మరీ వింత. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ వున్న ఆ మంచినీటి సరస్సు లోతు తక్కువది. జమ్ము, తుంగ పెరిగే అంచులు దానికి మెండు. ఆ అంచుల్లో గట్లు పోసి చేపల చెరువులు తవ్వారు. చేపల పెంపకం కోసం చేపల పుట్టినింటినే చెరిపారన్నమాట! అయిదో కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యం చేశారు. 2006లో ఎన్నో గట్లను పగలగొట్టించారు. వివాదం మాత్రం అంతటితో ఆగలేదు.

చెరువుకు అందం చేయవద్దని ఎవరంటారు? కట్టమీద బెంచీలు వేయండి, దీపాలు పెట్టండి. వాగు వచ్చి చేరే వైపు ఒక్క మూలనైనా రాతిగోడ కట్టక, తుంగతో, బురదతో వుండనివ్వండి. చూడటానికి చిందరవందరగా వుంటుందంటారా? పసిపిల్లలున్న ఇల్లు మాత్రం ఎన్నడు సర్దినట్టు వున్నది!