అక్వేరియం కొన్నారా? చేపలకు తొందరపడకండి!

ముందుగది అందంగా ఉంటుందనో, పిల్లలు సరదాపడుతున్నారనో ఈమధ్య చాలామంది అక్వేరియం కొంటున్నారు. ములకలపల్లి లాంటి ఊళ్ళ నుంచి కొత్తగూడెమో, ఖమ్మమో వెళ్ళినప్పుడు గాజుతొట్టి, రంగురాళ్ళు, నాలుగు గోల్డ్ ఫిష్‌లు అన్నీ ఒకేసారి తెచ్చేసుకుంటాం. ఆ సాయంత్రమే నీళ్ళు నింపి చేపల్ని వదిలేస్తాం. మూడో రోజుకి ఒకటి, వారం తిరిగేసరికి ఇంకొకటి వెల్లకిలా తేలుతుంది. పిల్లలు ఒకటే ఏడుపు! "ఇంటికొచ్చిన కీడు చేప తీసుకుపోయిందిలే" అని పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. అది కీడూ కాదు, దిష్టీ కాదండీ. ఆ నీళ్ళు చేపలు బతకడానికి ఇంకా తయారుకాలేదు, అంతే.

నీళ్ళు తయారుకావడమేమిటంటారా? చేపలు వదిలే మలినంలోంచి, తినకుండా మిగిలిన మేతలోంచి అమోనియా పుడుతుంది. పశువుల కొట్టంలో ముక్కుకి ఘాటుగా తగిలే వాసన దీనిదే. చెరువులో అయితే బోలెడన్ని నీళ్ళు, దాన్ని తినేసే సూక్ష్మజీవులు ఉంటాయి. కొత్త తొట్టిలో అవి ఉండవు. నీళ్ళు అద్దంలా కనిపిస్తున్నా, లోపల చేప మొప్పలు దెబ్బతింటూనే ఉంటాయి.

ఈ అమోనియాను ఒకరకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. దానివల్ల చేప రక్తం ప్రాణవాయువును మోయలేదు, పాపం పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. ఇంకొకరకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కొద్దిగా ఉంటే చేపకు ఇబ్బంది లేదు. పొలంలో పైరు పీల్చుకునే ఎరువూ ఇదే. ఈ పని చేసే బాక్టీరియాను 1890 ప్రాంతంలోనే వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. భీమవరం వైపు చేపల, రొయ్యల రైతులు చెరువు నీళ్ళలో అమోనియా ఎంతుందో పరీక్ష చేయించుకునేది కూడా ఇందుకే.

తొట్టిలో ఈ బాక్టీరియా పెరిగేదాకా ఆగడాన్నే 'సైక్లింగ్' అంటారు. సైకిలు తొక్కడం కాదండోయ్! పాలు తోడుకోవడం లాంటిదనుకోండి. కాకపోతే పాలకు ఒక రాత్రి చాలు, దీనికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఇలా చేయండి

1. మిషన్ భగీరథ నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది చేపలకీ పడదు, ఈ బాక్టీరియాకీ పడదు. నీళ్ళను వెడల్పాటి టబ్బులో మూత పెట్టకుండా ఒక రోజంతా ఉంచి, తర్వాత తొట్టిలో పోయండి. బోరు నీళ్ళనైనా ఒకరోజు గాలి తగలనివ్వడం మంచిది.

2. రాళ్ళు కడిగి పరిచి, స్పాంజి ఉన్న ఫిల్టరు పెట్టి రాత్రింబవళ్ళు నడవనివ్వండి. బాక్టీరియా ఎక్కువగా స్పాంజికీ, రాళ్ళకీ అంటుకునే పెరుగుతుంది.

3. చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్ళి అమోనియా ఇస్తుంది, బాక్టీరియాకు అదే ఆహారం.

4. తెలిసినవాళ్ళింట్లో జబ్బులేని పాత అక్వేరియం ఉంటే, వాళ్ళ ఫిల్టరు స్పాంజిని మీ తొట్టి నీళ్ళలో పిండించండి. తోడు వేసినట్టే! పని త్వరగా అవుతుంది.

5. చుక్కలు వేసి రంగు చూసుకునే పరీక్ష కిట్లు అక్వేరియం షాపుల్లో అడగండి. మొదట అమోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతాయి. మేత వేస్తున్నా ఆ రెండూ సున్నా చూపించి, నైట్రేట్ కనిపిస్తే నీళ్ళు తయారైనట్టే.

6. అప్పుడు సగం నీళ్ళు మార్చి, రెండు మూడు చిన్న చేపలతో మొదలుపెట్టండి. గోల్డ్ ఫిష్ మలినం ఎక్కువ వదులుతుంది కాబట్టి మొదట గప్పీలు, మోలీలు మేలు. చేపలున్న కవరును పావుగంట తొట్టి నీళ్ళలో తేలనిచ్చి, చేపల్ని మాత్రమే లోపలికి వదలండి. మిగతావి ఒకటి రెండు వారాలాగి తెచ్చుకోవచ్చు.

ఇవి మాత్రం వద్దు

వారం వారం తొట్టి ఖాళీ చేసి, అంట్లు తోమినట్టు రాళ్ళు, స్పాంజి సబ్బుపెట్టి తోమేస్తే అన్ని వారాలు పెరిగిన బాక్టీరియా కాస్తా పోతుంది. కథ మళ్ళీ మొదటికే వస్తుంది. స్పాంజి మురికి పడితే తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఒకసారి పిండండి చాలు.

కరెంటు ఆదా అని రాత్రిపూట ఫిల్టరు ఆపకండి. గంటల తరబడి ఆగిపోతే బాక్టీరియాకు గాలి అందదు. మేత రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే వేయండి.

వారానికోసారి పావువంతు నీళ్ళు తీసి, నిలవ ఉంచిన నీళ్ళు పోస్తే సరి. తీసిన నీళ్ళు పారబోయకండి. వాటిలో నైట్రేట్ ఉంటుంది కదా, పెరట్లో కరివేపాకు మొక్కకు పోయండి.